సంత రోజున స్పీడు క్లాసు

ఒక లుంగీల కట్ట మీద నలభై రూపాయలు తగ్గించడానికి నేను ఇరవై అయిదు నిమిషాలు నిలబడి బేరమాడగలను. ఖమ్మంలో హోల్‌సేలు బట్టల గోదాముల వాళ్లు నన్ను చూడగానే కుర్చీ వేస్తారు. మర్యాద కాదు, ఎలాగూ తొందరగా కదలనని తెలుసు. సంతలకు పోయేవాళ్ల కోసం ఆదివారం తెల్లవారకముందే గోదాము తెరుస్తారు. అందరూ సరుకు ఎత్తుకుని వెళ్లిపోయాక కూడా నేను ఆ కుర్చీలోనే ఉండేవాణ్ణి, గెలిచేదాకా. అలా బేరంలో పోయిన టైమంతా తల్లాడ దాటాక తిన్నటి రోడ్డు మీద యాక్సిలరేటరు తొక్కి రాబట్టుకునేవాణ్ణి. ఆరేళ్లు ఇదే నా పద్ధతి. గోదాములో డబ్బు మిగిలేది, రోడ్డు మీద టైము మిగిలేది. రెండు చేతులా సంపాదిస్తున్నానని నాలో నేను మీసం తిప్పుకునేవాణ్ణి.

మొదటిసారి కెమెరాకు దొరికితే చలానా ఫోనుకే వచ్చింది. కట్టేశాను. రెండోసారీ కట్టేశాను. మూడోసారి మాత్రం ఫోను దాకా రానివ్వకుండా మనిషే రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

బండి దిగాను. పోలీసాయన చేతిలోని యంత్రాన్ని నా వైపు తిప్పి చూపించాడు. ఎనభై నాలుగు. సరుకు బండికి అక్కడ అరవై.

"సార్, ఎనభై నాలుగంటే బాగా ఎక్కువయితది. డెబ్బై రెండు వేసుకోండి," అన్నాను.

నేను ఆలోచించేలోపే మాట బయటికి వచ్చేసింది. ఏ అంకె విన్నా కిందికి దించి పలకడం మా ఇంట్లో ఉగ్గుపాలతో పోశారు. ఆయన యంత్రం వంకా, నా వంకా చూశాడు.

"ఇదేమన్న టమాటల తూకమా?"

"పోనీ, డెబ్బై అయిదు."

పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక అడవి వైపు తిరిగాడు. "ఇంకొక్క మాట మాట్లాడితే తొంభై రాస్త," అన్నాడు పోలీసాయన. నా జన్మలో నాతో అంకెను పైకి బేరమాడినవాడు ఆయనొక్కడే. నోరు మూసుకుని ఎనభై నాలుగుకే ఒప్పుకున్నాను.

మూడోసారి కాబట్టి జరిమానాతో పోలేదు. లైసెన్సు ఆఫీసులో ఉంచుకున్నారు. బండి ఎలా తోలాలో మళ్లీ నేర్పే క్లాసు ఒకటి ఉందట, రెండు రోజులు. దానికి పోయి, చివర్లో పరీక్ష రాసి, సర్టిఫికెట్టు తెచ్చి చూపిస్తేనే లైసెన్సు తిరిగి ఇస్తారు. ఆ క్లాసు నెలకు ఒక్కసారి, శని ఆదివారాల్లో. ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడికి మళ్లీ బడి!

అది ఆదివారం కాకపోయి ఉంటే నేనూ అందరిలాగే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. కానీ నా బతుకంతా ఆదివారం మీద ఉంది. మా సంత పాల్వంచ దాటి, భద్రాచలం రోడ్డు వదిలి అడవిలోకి తిరిగాక వచ్చే ఊళ్లో జరుగుతుంది. ఊరి పేరు చెప్పను. చెబితే వచ్చే వారం ఇంకో ఇద్దరు బట్టల మూటలతో దిగుతారు. అక్కడ దుకాణాలకు గోడలుండవు. నేల మీద పట్టా పరిచి, దాని మీద సరుకు పేర్చుకోవడమే. ఎవరి జాగా ఎంతవరకో నాలుగు మూలల పాతిన నాలుగు రాళ్లు చెబుతాయి. కాగితం లేదు, రిజిస్ట్రేషను లేదు. కట్టుబాటు ఒక్కటే. వరసగా రెండు సంతలు పట్టా పడకపోతే ఎవరూ ఏమీ అనరు. మూడో సంత నాడు కూడా పొద్దున పది గంటలకు పట్టా లేకపోతే, జాగా రుసుము వసూలు చేసే పెద్దమనిషి వచ్చి ఆ రాళ్లు పీకించి, జాగాను పక్కవాళ్లకు కలుపుతాడు. దాని మీద అప్పీలు లేదు.

నా జాగా పదడుగులు. అడవి ఊళ్లనుంచి వచ్చే కాలిబాట సంతలో కలిసే చోట ఉంటుంది. చింతపండో, ఇప్పపువ్వో అమ్ముకుని చేతిలో డబ్బుతో తిరిగి పోయేవాళ్లు నా లుంగీలు, చీరలు చూడకుండా ఇంటికి పోలేరు. అది మా నాన్న ముప్పై ఏళ్ల పైన కూర్చున్న జాగా. దాని పక్కనే గాజులమ్మే ఆమె. పిల్లల తల్లి, భర్త లేడు, ఆమెవి నాలుగడుగులు. మాది పోతే ఆమెకే పోతుంది.

మరి కిరాయికి డ్రైవరును పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నాను. అంటే, పెట్టుకోబోయాను. కారేపల్లి నుంచి ఒకతను వచ్చి రోజుకు పన్నెండు వందలు అడిగాడు. నేను తొమ్మిది వందల దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. అతను వెయ్యి దాకా దిగి వచ్చాడు. నేను తొమ్మిది వందల యాభై దాకా ఎక్కాను. అక్కడ ఆగాం. "ఆలోచించుకుని ఫోన్ చేస్త సేటూ," అని పోయాడు. అతని ఎత్తులు నాకు తెలుసు, రేపు తనే చేస్తాడనుకున్నాను. మర్నాడు పెళ్లి కార్ల వాళ్లు సీజనంతటికీ అతన్ని మాట్లాడుకున్నారు. యాభై రూపాయల దగ్గర గెలిచి మొదటి సంత పోగొట్టుకున్నాను. రెండో డ్రైవరు కోసం తిరిగి తిరిగి రెండోదీ పోయింది. మూడో ఆదివారం శ్రీరామనవమి ముందు సంత, ఏడాదిలో పెద్దది. సరిగ్గా అదే రోజు క్లాసు రెండో రోజు.

"మీరు క్లాసుకు పోండి," అంది నా భార్య శుక్రవారం సాయంత్రం, మూటలు విప్పుతూ. "సంతకు నేను పోత."

"ఎట్ల పోతవ్?"

"బస్సుల. రెండు మూటలు తీసుకపోత. పట్టా పడాలె అంతే గద, దుకాణం మొత్తం పడాలని ఏం లేదు గద."

"పాల్వంచ అవతల రోడ్డు చీలిక దగ్గర దిగాలె. అక్కడినుంచి ఆటోలు ఎప్పుడుంటయో ఎప్పుడుండవో. పది గంటలకల్ల…"

"ఇగో, మీరు తోలుకపోయిన్నాడు కూడా పది గంటలకు చేరుతమో లేదో అని కళ్లు మూసుకునే కూర్చున్న. బస్సుల అయితే కళ్లు తెరుచుకుని కూర్చుంట."

నేను పట్టా మడిచి ఆమె మూటల పక్కన పెట్టాను.

శనివారం పొద్దున క్లాసుకు వెళ్లాను. ఊరి చివర ఒక మేడ మీద రేకుల హాలు. పన్నెండు మందిమి. నా పక్క కుర్చీలో గ్రానైటు లారీ తోలే అతను, ముందు వరసలో స్కూటీ మీద డ్యూటీకి పోయే నర్సమ్మ. పాఠం చెప్పేది రిటైరయిన బస్సు డ్రైవరు. ఖమ్మం నుంచి భద్రాచలానికి ఇరవై ఎనిమిదేళ్లు బస్సు తోలాడట. తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట సుద్దముక్క. నిలబడినా ఎడమకాలు అప్పుడప్పుడు కొద్దిగా నేలను నొక్కేది, క్లచ్చు ఇంకా అక్కడే ఉన్నట్టు.

ముందు అందరినీ ఒకటే అడిగాడు. "ఎందుకు తొక్కినవ్?"

"ట్రిప్పుకింత అని కిరాయి సార్," అన్నాడు లారీ అతను. "ట్రిప్పులు పెరిగితేనే నాలుగు పైసలు."

"దవాఖానల రిజిస్టరు తొమ్మిదింటికి మూసేస్తరండీ," అంది నర్సమ్మ.

నా వంతు వచ్చింది. "సంతకు," అన్నాను.

"ఏం సంత?"

చెప్పాను. ఏ ఊరో, ఏం అమ్ముతానో. పెద్దాయన కళ్లు చిన్నవి చేసి నన్ను తేరిపార చూశాడు.

"ఆ రూట్ల ఒక బట్టల సేటు ఉండె. నీలం వ్యాను. వెనక తలుపుకు తాడు కట్టి ఉంటుండె. ఆయన నీకేమయితడు?"

"మా నాయన."

సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, గట్టిగా నవ్వాడు. "అమ్మో! నా సర్వీసుల సగం మీ నాయన వెనకనే చేసిన! హారన్ కొట్టీ కొట్టీ నా బొటనవేలు అరిగింది. నలభై దాటడాయె. కిటికీల నుంచి చెయ్యి బయట పెట్టి పో పో అని ఊపుతుండె. ఎట్ల పోవాలె, ఎదురుంగ మూల మలుపాయె! మంచిగున్నడా?"

"లేడండీ. ఆరేళ్లయింది."

"గట్లనా," అని ఆయన మళ్లీ సుద్దముక్క తీసుకున్నాడు.

ఆ తర్వాత బోర్డు మీద ఏవేవో గుర్తులు వేసి చెబుతున్నాడు. నాకు ఒక్కటీ ఎక్కలేదు. నేను అప్పటికే నీలం వ్యానులో ఎడమవైపు సీట్లో కూర్చుని ఉన్నాను.

ఆ వ్యాను గురించి నాకు చిన్నప్పుడు ఉన్నదంతా సిగ్గే. సైకిళ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయేవి. ఒక్కోసారి సైకిళ్లూ దాటేవి. కొత్తగూడెం వదిలి టేకు చెట్లు మొదలయ్యేసరికి బయటి గాలి మారేది. ఎండాకాలం వస్తే బీడీలు చుట్టే తునికాకు కట్టలు రోడ్డు పక్కన ఆరబెట్టిన వాసన, అంతకు కొంచెం ముందైతే రాలిన ఇప్పపూల వాసన, తియ్యగా, కొద్దిగా పులిసినట్టు. కిటికీ అద్దం పైకి ఎక్కేది కాదు. దుమ్మూ వాసనా కలిసే వచ్చేవి. ప్రతి ఊరి మొగదల నాన్న రెండో గేరులోకి దించి, రెండుసార్లు హారను కొట్టేవాడు. ఊరి ముందు ఒకరిద్దరు ఆడవాళ్లు లేచి రోడ్డు దగ్గరికి వచ్చేవారు.

"సేటూ, పోయిన వారం పసుపంచు చీర తెస్తనంటివి!"

"తెచ్చిన తెచ్చిన. సంతకు రా. చూసినంకనే డబ్బులు."

"నా కొడుకుకు దుప్పటి. పెద్దది. కాళ్లు బయటికి వస్తున్నయి."

"వచ్చే వారం. ఎంత పొడుగు?"

ఆమె చెయ్యి ఎత్తి చూపించేది. నాన్న రాసుకునేవాడు కాదు. స్టీరింగు మీద చేతులుండగా రాతెక్కడ? మెడలో తువ్వాలు కొసకు ముడి వేసుకునేవాడు. చీరకు ఒంటి ముడి, దుప్పటికి రెండు ముడులు ఒకదాని మీద ఒకటి, లంగా జాకెట్టుకు మధ్యలో మెలిక. సంత ముగిసి ఇంటికి వచ్చేసరికి ఆ తువ్వాలు దారంలా అయిపోయేది. అమ్మ దీపం కింద కూర్చుని ఒక్కో ముడీ విప్పుతూ అడిగేది. "ఇదెవరిది?" "వాగు పక్కూరి మనవరాలి పెళ్లి, చీర." "ఇది?" "కొడుకు కాళ్లు బయటికి వచ్చేటామెది." అన్నీ విప్పాక తువ్వాలు మీద ముడుతలు మాత్రం ఉండేవి. అమ్మ దాన్ని ఉతికి, నీళ్లు చల్లి, రాత్రంతా పరుపు కింద పెట్టేది. వారానికంతటికీ అదే మా ఆర్డరు పుస్తకం.

నేను మాత్రం అదంతా భయం అనుకునేవాణ్ణి. ఇంజను భయం, టైర్ల భయం, లారీల భయం. ముడులు వేసుకోవడం కూడా చదువు తక్కువ కాబట్టే అనుకున్నాను. ఆయన పోయాక చేసిన మొదటి పని, నీలం వ్యాను తీసేసి తెల్లది కొనడం. అద్దాలు పైకి ఎక్కుతాయి. ఏసీ కూడా ఉంది.

టీ విరామంలో పెద్దాయన నా దగ్గరికి గ్లాసుతో వచ్చాడు.

"ఒకసారి హోటల్ల దొరికిండు మీ నాయన. కోపం మీద అడిగిన, ఏంది సేటూ, నీకు రోడ్డు రాసిచ్చిండ్రా, గింత నిమ్మళంగ పోతవేంది అని. ఏమన్నడో తెలుసా? 'నువ్వు నీ బండి ఎక్కినోళ్ల దగ్గర పైసలు తీసుకుంటవ్. నేను ఎక్కనోళ్ల దగ్గర తీసుకుంట. మరి ఆగొద్దా?' అన్నడు. నాకు తిక్కరేగింది గని, ఆయన చాయ్ పైసలు కూడా నేనే ఇచ్చిన."

అంతసేపూ నాన్న వెనక ఎందరు ఇరుక్కున్నారో పెద్దాయన చెబుతుంటే నవ్వుతూనే ఉన్నాను. ఆ మాట విన్నాక టీ చల్లారిపోయింది.

మధ్యాహ్నం బోర్డు మీద లెక్క వేయించాడు. తల్లాడ దాటాక నాకు కాలు కిందికి పోయేంత తిన్నటి రోడ్డు ఎంతుంటుంది? మొత్తం కలిపితే ఇరవై కిలోమీటర్లు అన్నాను. మిగతా అంతా ఊళ్లు, గొర్రెలు, స్పీడు బ్రేకర్లు. అరవై మీద ఇరవై కిలోమీటర్లకు ఎంత? ఇరవై నిమిషాలు. ఎనభై మీద? పదిహేను.

"అయిదు నిమిషాలు," అన్నాడు పెద్దాయన. "సేటూ, నువ్వు బేరగానివి. ప్రాణం మొత్తం కౌంటరు మీద పెట్టినవ్, అయిదు నిమిషాలు కొన్నవ్. మంచి బేరమేనా?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒకటి ఖణేలుమంది. గోదాములో ఇరవై అయిదు నిమిషాలు పోగొట్టుకుని, రోడ్డు మీద రాబట్టింది అయిదు. వ్యాపారస్థుడి కడుపున పుట్టి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ తీసివేత చేసుకోలేదు నేను.

అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? సాయంత్రం అందరూ దిగిపోయాక ఆయన దగ్గర ఆగాను. సంత సంగతి, జాగా సంగతి, పది గంటల సంగతి అంతా చెప్పి, "రేపు సగం రోజే వస్త. మధ్యాహ్నం పరీక్షకు అందుకుంట. పొద్దటి హాజరు కొంచెం చూడండి," అన్నాను.

"సగం బ్రేకు వేస్తే బండి సగం ఆగుతదా?" అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. జాలి కూడా లేదు. "మీ నాయన జాగా అది, నాకు తెల్వదా? కని సంతకం నాది. రెండు రోజులు కూర్చున్నోనికే పెడ్త. రాకపోతే వచ్చే నెల రా."

వచ్చే నెల అంటే ఇంకో నాలుగు సంతలు.

ఆదివారం తెల్లవారుజామున భార్యను మొదటి బస్సు ఎక్కించాను. రెండు మూటలు, ఒక పట్టా, టిఫిను డబ్బా. కండక్టరు మూటలకు లగేజీ టికెట్టు కొడతానన్నాడు. నేను నోరు తెరిచాను. కిటికీలోంచి ఆమె ఒక్క చూపు చూసింది. మూసేశాను. అతను అడిగినంతా ఇచ్చాను. బహుశా మా వంశంలో అది మొదటిసారి.

క్లాసులో ఫోన్లు ఒక బుట్టలో వేయించారు. వేయకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు, ఆ అడవి రోడ్డు మీద సిగ్నలు లేదు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. ఏడున్నరకు నర్సమ్మ వచ్చి కూర్చుంది. ఏడూ ముప్పావుకు పక్క కుర్చీ లారీ అతను నా మోకాలు తట్టాడు. శనివారం భోజనాల దగ్గర నా బాధంతా అతనికి చెప్పుకున్నాను.

"అన్నా, కింద బండుంది. పల్సరు. ఇంకా క్లాసు మొదలు కాలే. రెండు గంటల్ల నిన్ను సంతల దింపుత."

"నూరు కిలోమీటర్లు పైన. రెండు గంటలల్లనా?"

"గంటా ముప్పావు చాలు. తొక్కుదాం."

లేచాను. నిజమే చెబుతున్నాను, లేచాను. మెట్లు దిగి బండి దాకా వెళ్లాను. అతను కిక్కు కొట్టాడు. స్పీడు క్లాసునుంచి స్పీడుగా పారిపోతున్నానన్న ఆలోచన వచ్చి నవ్వు వచ్చింది గాని, ఆగింది దానికి కాదు. మంచి బుద్ధి పుట్టి ఆగానని రాస్తే అబద్ధమవుతుంది. నా భార్య అందుకోలేదనుకున్నా, ఇవాళ నేను పోతే జాగా దొరకవచ్చు, దొరకకపోవచ్చు. లైసెన్సు మాత్రం తప్పకుండా ఇంకో నెల పోతుంది. మళ్లీ మూడు సంతలు దాటితే ఇవాళ కాపాడిన జాగా కూడా అప్పుడు పోతుంది. లెక్క అటు మొగ్గింది. అంతే. "నువ్వు కూడా పైకి రా తమ్మీ, నీ సర్టిఫికెట్టు కూడా పోతది," అన్నాను. ఇద్దరం మళ్లీ మెట్లు ఎక్కాం.

పదింటికి బోర్డు మీద బ్రేకు వేశాక బండి ఎంత దూరం జారుతుందో గీస్తున్నాడు పెద్దాయన. గడియారం ముల్లు పది దాటి అవతల పడింది. ఆయన చెబుతున్నది ఆపి, గడియారం వైపు చూసి, నా వైపు చూశాడు. మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. పది దాటాక పది నిమిషాలకు ఒకసారి, ఇరవై నిమిషాలకు ఒకసారి రాళ్లు పీకుతున్న చప్పుడు నా చెవిలో వినబడింది. నాన్న కూర్చునే చోట నేల కాస్త లోతుగా ఉండేది, ఒకే చోట ముప్పై ఏళ్లు కూర్చుంటే పడే గుంట. దాని మీద గాజుల పెట్టె పెడతారు గామోసు అనుకున్నాను. పరీక్షలో ఏం రాశానో గుర్తు లేదు. గట్టెక్కాను.

రాత్రి ఎనిమిదింటికి బస్టాండుకు వెళ్లాను. ఆమె ఒక్క మూటతో దిగింది. అది కూడా సగం ఖాళీ. మొహం నిండా దుమ్ము.

"పడ్డదా?" అన్నాను.

"పడ్డది. ముందు మంచినీళ్లు."

తాగాక చెప్పింది. రోడ్డు చీలిక దగ్గర దిగేసరికి తొమ్మిదింబావు. పావుగంట దాకా ఆటో లేదు. వచ్చిన ఒక్క ఆటో నిండిపోయి ఉంది, మూటలు చూసి ఆపకుండానే పోబోయింది. లోపలినుంచి ఒకామె, "ఆపు, ఆపు, మా సేటమ్మ," అని అరిచి ఆపించింది. గాజులామె. తన గాజుల పెట్టె కాళ్ల దగ్గర దింపి, మా మూట ఒళ్లో పెట్టుకుందట. సంత దగ్గర దిగాక ఆ మూటను తనే నెత్తిన పెట్టుకుని ఉరికింది. పట్టా ఒక కొస తను పట్టుకుని పరిచింది. రుసుము వసూలు చేసే పెద్దమనిషి గడియారం చూసుకుంటూ వచ్చేసరికి పది గంటలకు అయిదు నిమిషాలు.

"ఆ ఆటో పోనిస్తే ఆ జాగా ఆమెది," అంది నా భార్య. "ఆమెకు తెలుసు. నాకు తెలుసు. అందుకే సగం ఇచ్చిన."

"ఏం సగం?"

"పదిల అయిదడుగులు. రాళ్లు జరిపించిన. పెద్దమనిషి ముందటనే."

నా నోట్లోంచి మాట రాలేదు. వచ్చి ఉంటే ఏమొచ్చేదో మీకూ తెలుసు, రెండడుగులు చాలు కదా అని. మూడుకు తెగ్గొట్టవచ్చు కదా అని. నా మొహం చూసి ఆమెకు తెలిసిపోయింది.

"మీరైతే ఏం చేస్తరో దారి పొడుగునా ఆలోచించిన. మీరైతే మూడు ఇస్తరు. నేను పోయిన గనుక అయిదు ఇచ్చిన," అంది. కాస్త ఆగి, "ఇంకో ముచ్చట. ఆటోల ఒక ముసలామె అడిగింది, పెద్ద సేటు కొడుకు పోయిండా ఏంది, బండి కనపడుతది గని ఆగదు అని. ఎంతమంది చెయ్యెత్తుతుండిరో తెలుసా మీకు? ఇప్పుడు ఎత్తడం మానేసిండ్రట."

నాకు తెలియదు. అద్దాలు ఎక్కించి, ఏసీ వేసుకుని, ఎనభై మీద పోయేవాడికి రోడ్డు పక్కన చెయ్యెత్తినవాళ్లు చెట్ల లాగే కనిపిస్తారు.

లైసెన్సు వచ్చింది. ఇప్పుడు యాభై అయిదు మీద పోతున్నాను. ఊరి మొగదల ఆగుతున్నాను కూడా. మొదటి రెండు వారాలు ఎవరూ లేచి రాలేదు. మూడో వారం ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, బండి చెడిపోయిందా అని అడిగింది. లేదన్నాను. అయితే ఎందుకు ఆగారన్నట్టు చూసి వెళ్లిపోయింది. బస్సులు నా వెనక ఇరుక్కుని హారను కొడుతుంటే చెయ్యి బయట పెట్టి ఊపుతాను. నాన్నకు ముప్పై ఏళ్లు పట్టిన పని నాకు ఎన్నేళ్లు పడుతుందో తెలియదు.

ఇక మొత్తం లెక్క. ఆదా అయింది, పోను అయిదూ రాను అయిదూ కలిపి ఆదివారానికి పది నిమిషాలు. రోగమొచ్చినా రొష్టొచ్చినా సంత మానలేదు గనక, ఆరేళ్లకు రెండు పగళ్లు, రెండు రాత్రులు, ఒక నాలుగు గంటలు. ఖర్చయింది, జరిమానా మూడుసార్లు. క్లాసులో రెండు రోజులు, లైసెన్సు కోసం ఆఫీసు బెంచీ మీద ఒకటిన్నర. సంతలు రెండు పూర్తిగా, నవమి సంత సగానికి పైగా. జాగాలో అయిదడుగులు, ఎప్పటికీ. చెయ్యెత్తి, ఎవరూ ఆగక, మళ్లీ దించేసుకున్నవాళ్లు ఎంతమందో నాకు తెలియదు, ఆ వరస ఖాళీగా వదిలేశాను. మిగిలిన ఆ రెండు రోజుల నాలుగు గంటలూ ఎక్కడున్నాయా అని వెతికాను. ఎక్కడా లేవు, గోదాములో కుర్చీ మీదే అయిపోయాయి. అన్నీ కూడి చూస్తే నేనే బాకీ తేలాను. తగ్గించమని ఎవరినీ అడగలేదు.